ఆగిన బండి మళ్లీ ఎలా కదిలింది?

విశాఖపట్నంలో ద్విచక్ర వాహన మెకానిక్కులకు, ఐటీఐ విద్యార్థులకు ఏర్పాటు చేసిన ఒక రోజు శిక్షణలో, ఆగి ఆగి నడిచే ఎలక్ట్రిక్ బండ్ల గురించి చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని అక్షరబద్ధం చేశాము.

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పని మానుకుని ఇంతమంది వచ్చారంటే, ఈ సమస్య మీ షెడ్డుల్లో మిమ్మల్ని ఎంతగా ఇబ్బంది పెడుతోందో నాకు అర్థమవుతోంది. ముందు వరుసలో కూర్చున్న పెద్దలు ఇంజను శబ్దం విని లోపం చెప్పగలిగినవారు. వెనుక ఉన్న తమ్ముళ్లు ఇప్పుడిప్పుడే మల్టీమీటరు పట్టుకోవడం నేర్చుకుంటున్నవారు. ఇద్దరికీ పనికివచ్చేలా మాట్లాడాలని నా ప్రయత్నం. ఈ రోజు నేను ఒకే ఒక్క విషయం చెబుతాను. ఎలక్ట్రిక్ బండి నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోవడం, కాసేపటికి ఏమీ జరగనట్టు మళ్లీ కదలడం, దీని గురించి మాత్రమే చెబుతాను. పూర్తిగా చచ్చిపోయిన బండిని బాగుచేయడం పెద్ద కష్టం కాదు, ఎందుకంటే లోపం మీ కళ్ల ముందే ఉంటుంది. ఆగి ఆగి నడిచే బండి అలా కాదు. అది రోడ్డు మీద ఆగుతుంది, మీ షెడ్డులోకి వచ్చేసరికి చక్కగా నడుస్తుంది. అవునా, కాదా? మీలో ఎంతమందికి ఈ అనుభవం లేదో చేతులెత్తండి. చూశారా, ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

గాజువాక వైపు నుంచి ఒక అబ్బాయి బండి తెచ్చాడు. ఇంటింటికీ ఆహారం అందించే పని చేస్తాడు. హనుమంతవాక దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఆగిపోతోందని చెప్పాడు. అంతకుముందు వేరే చోట చూపిస్తే, మోటారుకు కరెంటు అందించే కంట్రోలరు మార్చారు, నెల తిరగకముందే మళ్లీ ఆగితే మరొకసారి కంట్రోలరు మార్చారు. రెండు కంట్రోలర్ల డబ్బు ఆ అబ్బాయి అప్పు చేసి కట్టాడు. నా దగ్గరకు వచ్చినప్పుడు నేను కూడా సెంటర్ స్టాండు వేసి అరగంట చక్రం తిప్పాను, ఏ లోపమూ కనిపించలేదు. అప్పుడు నేను అడగవలసిన ప్రశ్న ఆలస్యంగా అడిగాను. "ఆగిన తరువాత మళ్లీ ఎలా కదులుతుంది బాబూ?" అన్నాను. "ఏమీ లేదు సార్, దిగి సీటు మీద గట్టిగా ఒక దెబ్బ వేస్తాను, వెలుగుతుంది" అన్నాడు. సీటు కింద ఏముంది? ఆ బండిలో సీటు కింద ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే తనంతట తానే తెంచే స్విచ్చు ఉంది. మూత తీసి చూస్తే ఎంసీబీకి బిగించిన లగ్గు, అంటే వైరు చివరి లోహపు కొన, నల్లబడి ఉంది, దాని పక్కన వైరు తొడుగు కరిగి గట్టిపడి ఉంది. కొత్త లగ్గు, కాస్త వైరు, కొత్త ఎంసీబీ. అంతే. ఆ పని మొదటి రోజే జరిగి ఉంటే ఆ అబ్బాయికి అప్పు ఉండేది కాదు, ఆగిపోయిన రోజుల కూలీ కూడా పోయేది కాదు. ఈ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది, అందుకే ముందుగా చెప్పాను.

కాబట్టి బండి మీ దగ్గరకు వచ్చినప్పుడు స్పానరు పట్టుకోవడానికి ముందు రెండు ప్రశ్నలు అడగండి. మోటారు ఆగినప్పుడు బండిలో ఇంకా ఏవి పనిచేస్తున్నాయి? ఇది మొదటి ప్రశ్న. ఆగిన బండి మళ్లీ ఎలా కదిలింది? ఇది రెండవది. మళ్లీ చెబుతున్నాను, ఎలా ఆగింది అని అందరూ అడుగుతారు, ఎలా కదిలింది అని మీరు అడగండి.

మొదటి ప్రశ్న ఎందుకో చూద్దాం. కరెంటు బ్యాటరీలో బయలుదేరి, లిథియం బ్యాటరీ అయితే దానిలోనే ఉండి సెల్లులను కాపాడే బీఎంఎస్ బోర్డు గుండా బయటికి వచ్చి, వైర్లను కలిపే పెద్ద కప్లరు దాటి, ఎంసీబీయో ఫ్యూజో దాటి, అక్కడ రెండు దారులుగా చీలుతుంది. ఒక దారి కంట్రోలరుకు, అక్కడి నుంచి మోటారుకు వెళుతుంది. మరొక దారి డీసీ కన్వర్టరుకు వెళుతుంది, అది 48 వోల్టులనో 60 వోల్టులనో 12 వోల్టులకు తగ్గించి హెడ్‌లైటుకు, హారనుకు, ఇండికేటర్లకు ఇస్తుంది. ఇప్పుడు ఆలోచించండి. మోటారుతో పాటు డిస్‌ప్లే, లైటు, హారను అన్నీ ఒకేసారి ఆరిపోతే లోపం ఎక్కడ ఉండాలి? దారి చీలకముందు ఉండాలి. బ్యాటరీ, బీఎంఎస్, పెద్ద కప్లరు, ఎంసీబీ, రెండు దారులనూ వెలిగించే తాళం స్విచ్చు, ఈ అయిదింటిలో ఒకటి. లైటు వెలుగుతూనే ఉండి మోటారు మాత్రమే ఆగితే లోపం చీలిన తరువాత ఉంది. బ్రేకు స్విచ్చు, సైడ్ స్టాండు స్విచ్చు, యాక్సిలరేటరు, కంట్రోలరు, మోటారు వైర్లు, వీటి వైపు వెళ్లండి. ఒక్క ప్రశ్నతో సగం బండిని పక్కన పెట్టేశారు.

అయితే ఒక జాగ్రత్త. కొన్ని బండ్లలో లైట్ల కోసం చిన్న 12 వోల్టుల బ్యాటరీ విడిగా ఉంటుంది. అటువంటి బండిలో పెద్ద బ్యాటరీ పూర్తిగా తెగిపోయినా లైటు వెలుగుతూనే ఉంటుంది, మీరు దాన్ని చూసి మోసపోతారు. కాబట్టి ముందు ఆ బండి వైరింగు తెలుసుకోండి, తరువాత నిర్ణయానికి రండి. ఇంకొకటి, హారను నొక్కినప్పుడల్లా డిస్‌ప్లే ఆరి వెలుగుతుంటే కన్వర్టరును, దాని ఫ్యూజు హోల్డరును ఒకసారి చూడండి.

ఇప్పుడు రెండవ ప్రశ్న. దీనికి బండి యజమాని చెప్పే జవాబులు చాలా మామూలుగా ఉంటాయి, కాని వాటిలోనే అసలు విషయం ఉంటుంది. "గుంతలో పడి ఆగింది, ఇంకో కుదుపుకు కదిలింది" అంటే లూజు కాంటాక్టు. "తాళం తీసి మళ్లీ పెడితే కదిలింది, నెమ్మదిగా పోతే పోతుంది, గట్టిగా రేజు ఇస్తే మళ్లీ ఆగుతుంది" అంటే బ్యాటరీ బరువు మోయలేకపోతోంది, మోటారు అడిగినంత కరెంటు ఇవ్వలేకపోతోంది, బీఎంఎస్ తలుపు మూస్తోంది. "పావుగంట చెట్టు కింద పెడితే నడిచింది" అంటే ఏదో వేడెక్కుతోంది. "బ్రేకు లివరు రెండుసార్లు నొక్కి వదిలితే నడిచింది" అంటే బ్రేకు స్విచ్చే, ఇక చెప్పనక్కరలేదు. "ఛార్జరు పెట్టి తీస్తే గాని వెలగలేదు" అంటే బీఎంఎస్ గట్టిగా తాళం వేసుకుంది, ఛార్జరు వోల్టేజి తగిలితేనే విడుదల అయింది. యజమాని మీకు రోగమూ చెబుతున్నాడు, మందూ చెబుతున్నాడు. అతనికి ఆ సంగతి తెలియదు. మనకు తెలియాలి.

లూజు కాంటాక్టు గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నా అనుభవంలో ఎక్కువ బండ్లు ఆగింది దీనివల్లే. మనది సముద్రపు ఊరు. బీచ్ రోడ్డు పక్కన రాత్రంతా నిలిపిన బండి మీద ఉప్పు తడి కూర్చుంటుంది. ఇనుముకు తుప్పు పడుతుంది, రాగికి చిలుము పడుతుంది, ఆ చిలుము కరెంటును సరిగా పోనివ్వదు. దీనికి తోడు రోడ్డు కుదుపులకు కప్లరు లోపల పిన్ను, దాన్ని పట్టుకున్న రేకు ఒకదానిపై ఒకటి కంటికి కనిపించనంత కొద్దిగా రాసుకుంటూ ఉంటాయి. ఆ రాపిడికి పైపూత అరిగి, కింద ఉన్న లోహం గాలికి నల్లబడుతుంది. బయటి నుంచి చూస్తే కప్లరు గట్టిగానే ఉంటుంది, లాగినా రాదు, లోపల మాత్రం సంబంధం సగమే ఉంటుంది.

ఆ సగం సంబంధం ఏం చేస్తుందో లెక్క వేసి చూద్దాం. బోర్డు మీద రాస్తున్నాను, వెనుక ఉన్నవారికి కనిపిస్తోందా? ఒక కప్లరులో చిలుము వల్ల 0.05 ఓముల నిరోధం వచ్చిందనుకోండి. అంటే ఓములో ఇరవయ్యో వంతు. బండి నిలబడి లైటు మాత్రమే వెలుగుతున్నప్పుడు రెండు ఆంపియర్లు పోతే, ఆ కప్లరు దగ్గర తగ్గేది 0.1 వోల్టు మాత్రమే. ఎవరూ గమనించరు. అదే బండి ఎత్తు ఎక్కుతూ 30 ఆంపియర్లు లాగితే 1.5 వోల్టులు అక్కడే పోతాయి. వోల్టేజి సంగతి అలా ఉంచండి, వేడి ఎంత? 30ని 30తో గుణించి 0.05తో గుణిస్తే 45 వాట్లు. మీ దగ్గర ఉన్న చిన్న సోల్డరింగ్ ఐరను 25 వాట్లు. అంటే దాదాపు రెండు సోల్డరింగ్ ఐరన్లు ఆ ప్లాస్టిక్కు కప్లరు లోపల పెట్టి వెలిగించినట్టే. వేడికి రేకు పట్టు సడలుతుంది, పట్టు సడలితే నిరోధం ఇంకా పెరుగుతుంది, నిరోధం పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. చివరికి ఒక రోజు ఎత్తు మధ్యలో సంబంధం తెగిపోతుంది. చల్లబడ్డాక లోహం తిరిగి ముడుచుకుంటుంది, మళ్లీ తగులుతుంది, బండి మళ్లీ కదులుతుంది.

దీన్ని పట్టుకోవడానికి మీటరును ఓముల మీద పెట్టకండి. మనం వాడే మామూలు మీటరు తీగలకే 0.2 నుంచి 0.5 ఓముల దాకా నిరోధం ఉంటుంది, దానితో 0.05ను ఎలా కొలుస్తారు? బీప్ శబ్దం వచ్చింది కాబట్టి కనెక్షను బాగుందనుకోవడం మనం చేసే పెద్ద పొరపాటు. ఒక్క పోగు తెగకుండా మిగిలినా బీప్ వస్తుంది. ఆ ఒక్క పోగు 30 ఆంపియర్లు మోస్తుందా? మోయదు. అందుకని మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, కప్లరుకు ఇటు ఒక ప్రోబు, అటు ఒక ప్రోబు పెట్టి, బండి మీద బరువు ఉన్నప్పుడు, అంటే మోటారు ఎక్కువ కరెంటు లాగుతున్నప్పుడు చదవండి. కప్లరు ఆరోగ్యంగా ఉంటే 30 ఆంపియర్ల దగ్గర 20, 30 మిల్లీవోల్టులకు మించి చూపదు. 200 మిల్లీవోల్టులు దాటిందంటే ఆ కప్లరును విప్పవలసిందే. బ్యాటరీ నుంచి కంట్రోలరు దాకా ప్లస్ వైపు ఒక్కొక్క మజిలీ, మైనస్ వైపు ఒక్కొక్క మజిలీ ఇలా చూసుకుంటూ రండి. మైనస్ వైపును చాలామంది వదిలేస్తారు. కరెంటు వెళ్లిన దారి ఎంత ముఖ్యమో తిరిగి వచ్చే దారీ అంతే ముఖ్యం.

మరి బరువు ఎలా పెట్టాలి? సెంటర్ స్టాండు మీద చక్రం గాలిలో తిరిగితే మోటారు లాగేది రెండు మూడు ఆంపియర్లు, దానికి ఏ లోపమూ బయటపడదు. ఒక చిన్న లెక్క చూడండి. బండి, ఇద్దరు మనుషులు కలిపి 200 కిలోలు అనుకుందాం. వంద మీటర్లకు అయిదు మీటర్లు లేచే ఎత్తును గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, ఆ ఎత్తు ఎక్కడానికే సుమారు 680 వాట్లు కావాలి. సమతలం మీద అదే వేగానికి 300 వాట్లు సరిపోతాయి. అంటే ఎత్తు మీద మొత్తం వెయ్యి వాట్ల దాకా, మూడింతలకు పైగా లాగుతుంది. మన ఊళ్లో బండ్లు సింహాచలం ఘాటు మీద, కైలాసగిరి వైపు, హనుమంతవాక ఎత్తు మీద ఎందుకు ఆగుతున్నాయో ఇప్పుడు అర్థమయిందా? లోపాన్ని ఎత్తు పుట్టించలేదు, ఉన్న లోపాన్ని చూపించింది. కాబట్టి లోపం వెతకాలంటే బండిని ఆ ఎత్తు మీదికే తీసుకువెళ్లాలి. రద్దీ లేని రోడ్డు చూసుకోండి. మీటరును హ్యాండిలు మీద టేపుతో కట్టి, తీగలను బ్యాటరీ నుంచి జాగ్రత్తగా తెచ్చి, వాటి మొదట్లో చిన్న ఫ్యూజు పెట్టండి. ఆ తీగలు ఎక్కడైనా నలిగి కలిస్తే మంటలు వస్తాయి, ఫ్యూజు లేకుండా మాత్రం వద్దు. కనిష్ఠాన్ని గుర్తు పెట్టుకునే మీటరు ఉంటే ఇంకా మంచిది, మీరు రోడ్డు మీదే చూపు పెట్టి నడపవచ్చు.

ఇప్పుడు బ్యాటరీ దగ్గరకు వద్దాం. "బ్యాటరీ చూశాను సార్, 52 వోల్టులు ఉంది, బాగుంది" అని చెబుతారు. నిలబడి ఉన్న బండిలో చూసిన వోల్టేజి మీకు ఏమీ చెప్పదు. 48 వోల్టుల లిథియం బ్యాటరీలో సాధారణంగా 13 సెల్లుల వరుస ఉంటుంది, ఒక్కొక్కటి నిండితే 4.2 వోల్టులు, మొత్తం 54.6. బీఎంఎస్ మొత్తాన్ని కాదు, ఈ 13లో ఒక్కొక్కదాన్ని విడివిడిగా చూస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు 12 సెల్లులు 3.6 దగ్గర నిలబడ్డాయి, నీరసించిన ఒక్కటి 2.8కి పడిపోయింది అనుకోండి. మొత్తం ఎంత? 12ను 3.6తో గుణిస్తే 43.2, దానికి 2.8 కలిపితే 46. బయట మీటరులో 46 వోల్టులు కనిపిస్తున్నాయి, 42 దగ్గర ఆగే కంట్రోలరుకు ఏ అభ్యంతరమూ లేదు, డిస్‌ప్లేలో ఛార్జింగు ఇంకా సగం చూపిస్తోంది. కాని బీఎంఎస్ ఆ ఒక్క సెల్లును చూసి మొత్తం కరెంటును తెంచేసింది. బరువు పోగానే ఆ సెల్లు మళ్లీ 3.4కి లేచింది, బీఎంఎస్ తలుపు తెరిచింది, బండి కదిలింది. ఇక్కడ కంట్రోలరు మారిస్తే ఏం లాభం? మోటారు మారిస్తే ఏం లాభం? ఊళ్లో అందరూ పండగ చేసుకుంటున్నా ఒక్క ఇంట్లో జ్వరం ఉంటే ఆ ఇంటివాళ్లకే తెలుస్తుంది. బీఎంఎస్ ఆ ఇంటి తలుపు తట్టి చూసి వచ్చింది, మనం ఊరి బయట నిలబడి చూస్తున్నాం.

పాత లెడ్ యాసిడ్ బండ్లలో ఈ పరీక్ష మనకు ఇంకా సులువు, ఎందుకంటే నాలుగు గాని అయిదు గాని 12 వోల్టుల బ్యాటరీలు విడివిడిగా కనిపిస్తాయి. నిలబడి ఉన్నప్పుడు అన్నీ 12.7 చూపిస్తాయి. బరువు పెట్టి చూడండి. ఒక 12 వోల్టుల, 60 వాట్ల హెడ్‌లైటు బల్బు తగిలిస్తే అయిదు ఆంపియర్లు లాగుతుంది. రెండు మూడు బల్బులు పక్కపక్కన కలిపి ఒక్కొక్క బ్యాటరీకి రెండు నిమిషాలు పెట్టండి. మూడు బ్యాటరీలు 12 పైనే నిలబడి, ఒకటి 10.5 కిందికి జారిందంటే దొంగ దొరికాడు. ఒక్కటే కొత్తది వేసి మిగిలినవి పాతవి ఉంచితే మాత్రం కొత్తది కూడా వాటితో పాటే తొందరగా చెడిపోతుంది. ఈ మాట యజమానికి ముందే చెప్పండి, తరువాత చెబితే నమ్మడు.

ఇక్కడ ఒక విషయం చాలా గట్టిగా చెప్పాలి. బీఎంఎస్ పదే పదే తెంచుతోందని దాన్ని తప్పించి, సెల్లుల ప్యాకు నుంచి నేరుగా వైరు లాగి ఇచ్చేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. మళ్లీ చెబుతున్నాను, ఎంత తొందరలో ఉన్నా, యజమాని ఎంత బతిమాలినా, ఆ పని చేయకండి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోను, మన విజయవాడలోను ఇంట్లో ఛార్జింగు పెట్టిన బండి బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి, మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది దేశంలో జరిగిన ఇలాంటి ప్రమాదాల తరువాతే బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 ప్రమాణాన్ని సవరించి, మొదటి దశను 2022 డిసెంబరు 1 నుంచి, రెండో దశను 2023 మార్చి 31 నుంచి అమలులోకి తెచ్చారు. నీరసించిన సెల్లును బీఎంఎస్ లేకుండా లోతుగా ఖాళీ చేసి, రాత్రి మళ్లీ ఛార్జింగు పెడితే అది లోపలే పాడై మంట పుట్టించగలదు. ఆ బ్యాటరీ రాత్రి ఛార్జింగులో ఉండేది ఎక్కడ? మనుషులు పడుకునే గదిలో. ఉబ్బిన ప్యాకును, నీట మునిగిన ప్యాకును, తీపి వాసన వచ్చే ప్యాకును షెడ్డులో కూడా ఉంచకండి, ఆరుబయట విడిగా పెట్టించండి. ప్యాకు విప్పే శిక్షణ, సామగ్రి లేనివారు ప్యాకు విప్పవద్దు. లోపం ప్యాకులో ఉందని తేల్చి చెప్పడం కూడా పూర్తి పనే, దానికి మీరు కూలీ తీసుకోవచ్చు. చేతి ఉంగరం, గొలుసు, వాచీ తీసేయండి, స్పానర్లకు టేపు చుట్టండి. 72 వోల్టుల బ్యాటరీ నిండితే 84 దాకా ఉంటుంది. బండ్ల ప్రమాణాల్లో 60 వోల్టుల డీసీ దాటితే దాన్ని హై వోల్టేజిగానే లెక్కిస్తారు. బ్యాటరీ తీసేసిన తరువాత కూడా కంట్రోలరు కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

లైటు ఉండి మోటారు ఆగే బండ్ల వైపు వెళదాం. ఇక్కడ ముందు చూడవలసింది బ్రేకు స్విచ్చు. బ్రేకు పట్టగానే మోటారుకు కరెంటు ఆపమని కంట్రోలరుకు చెప్పే స్విచ్చు అది. స్ప్రింగు సడలినా, లివరు పూర్తిగా వెనక్కి రాకపోయినా, నీళ్లు దిగినా, మీరు బ్రేకు పట్టకుండానే పట్టినట్టు చెబుతుంది. మరొకరిని వెనుక బండి మీద రమ్మని, మీ బండి ఆగిన క్షణంలో వెనుక ఎర్ర లైటు వెలిగిందా అని చూడమనండి. వెలిగితే పని అయిపోయినట్టే. సైడ్ స్టాండు స్విచ్చు కూడా అంతే, బురద పట్టి ఉంటుంది, గుంతల్లో స్టాండు ఎగిరి పడుతుంది. పరీక్ష కోసం ఈ స్విచ్చుల కప్లరు కాసేపు విప్పి చూడవచ్చు, కాని విప్పి అలాగే వదిలేసి బండి ఇవ్వకూడదు. అది ప్రాణం కాపాడే స్విచ్చు.

యాక్సిలరేటరుకు మూడు వైర్లు ఉంటాయి. ఎరుపుకు, నలుపుకు మధ్య సుమారు 5 వోల్టులు ఉండాలి. మూడవ వైరు మీద వదిలినప్పుడు 0.8 నుంచి 1 వోల్టు దాకా ఉండి, తిప్పుతున్న కొద్దీ జారుడు లేకుండా పెరిగి 3.6 దాటాలి. మధ్యలో ఎక్కడైనా ఒక్కసారిగా సున్నాకు పడితే అక్కడే మోటారు ఆగుతుంది. చదువుతూ చదువుతూ హ్యాండిలును పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పండి. హ్యాండిలు మెడ దగ్గర వైరింగు రోజూ వందలసార్లు వంగుతుంది, తొడుగు బాగానే ఉండి లోపల రాగి పోగులు తెగిపోతాయి. మలుపు దగ్గరే బండి ఆగుతోందని యజమాని చెబితే వెంటనే అక్కడ చెయ్యి పెట్టండి. ఎలుకలు కొరికిన వైర్లు కూడా చూశాను, ముఖ్యంగా గోడౌన్ల పక్కన నిలిపే బండ్లలో.

మోటారు వైర్ల దగ్గర మరికొంచెం ఆగుదాం. చక్రంలోనే ఉండే హబ్ మోటారు వైర్లన్నీ ఇరుసు పక్కన ఉన్న సందు గుండానే బయటికి వస్తాయి. ఇరుసు నట్టు సడలితే, గట్టిగా రేజు ఇచ్చిన ప్రతిసారీ ఇరుసు కొద్దిగా తిరిగి ఆ వైర్లను మెలిపెడుతుంది. టైరు పంక్చరు వేసినవారు చక్రం విప్పి బిగించేటప్పుడు ఆ వైరు నలిపిన సందర్భాలు నేను ఎన్నో చూశాను. "ఈ మధ్య వెనుక చక్రం విప్పారా?" అని తప్పకుండా అడగండి. మందపాటి మూడు వైర్లలో ఒకటి వదులైతే మోటారు గరగరమని శబ్దం చేస్తూ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. బ్యాటరీ తీసేసి, మోటారు వైర్లను కంట్రోలరు నుంచి విడదీసి, ఆ మూడింటిలో రెండేసి కలుపుతూ చేత్తో చక్రం తిప్పండి. మూడు జతలకూ చక్రం ఒకేలా బరువుగా తిరగాలి. ఏ జతకైనా తేలికగా తిరిగిందంటే ఆ దారి ఎక్కడో తెగింది. సన్నని అయిదు వైర్లు హాల్ సెన్సార్లవి, అంటే మోటారు ఏ స్థానంలో ఉందో కంట్రోలరుకు చెప్పేవాటివి. ఎరుపు, నలుపు కరెంటుకు, మిగిలిన మూడు సంకేతాలకు. వైర్లు, బ్యాటరీ మళ్లీ కలిపి, తాళం ఆన్ చేసి చక్రాన్ని నెమ్మదిగా చేత్తో తిప్పుతుంటే ఆ మూడింటి మీద వోల్టేజి సున్నాకూ అయిదుకూ దగ్గరగా మారుతూ ఉండాలి. వేడెక్కినప్పుడు మాత్రమే పనిచేయని హాల్ సెన్సారు ఉంటుంది, కాబట్టి బండి ఆగిన వెంటనే, మోటారు వేడిగా ఉండగానే చూడండి. మరునాడు పొద్దున చల్లబడ్డాక చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి.

కంట్రోలరు గురించి నేను ఎక్కువ చెప్పను. గాలి తగలని చోట బిగించిన కంట్రోలరు మే నెల ఎండలో వేడెక్కి తనను తాను ఆపుకుంటుంది, అది లోపం కాదు, దానికి గాలి చూపించండి. మిగిలినవన్నీ చూశాకే కంట్రోలరును అనుమానించండి. పని చేసే మరొక కంట్రోలరు తగిలించి, అదే ఎత్తు మీద అదే బరువుతో నడిపి, ఆగలేదని నిర్ధారించుకున్న తరువాతే కొత్తది కొనిపించండి.

చిలుము పట్టిన కప్లరు దొరికితే ఏం చేయాలి అని ఒక తమ్ముడు చీటీ పంపాడు. మంచి ప్రశ్న. గరుకు కాగితంతో రుద్దకండి, పైపూత పోయి రెండు నెలల్లో మళ్లీ నల్లబడుతుంది. పెట్రోలుతో కడగకండి. కొద్దిగా మసకబారి ఉంటే కాంటాక్టు క్లీనరుతో శుభ్రం చేయండి. రంగు మారి, ప్లాస్టిక్కు మెత్తబడి ఉంటే రెండు వైపులా కొత్తది వేయండి, ఒకవైపే వేస్తే పాత సగం కొత్త సగాన్ని పాడు చేస్తుంది. లగ్గును సుత్తితో కొట్టి నొక్కకండి, క్రింపింగ్ టూలుతో నొక్కండి. నొక్కకుండా టంకం మాత్రమే వేసిన మందపాటి వైరు, టంకం ఆగిన చోట గట్టిపడి కుదుపులకు విరిగిపోతుంది. రాగి నల్లబడిన మేరకు వైరు కత్తిరించి, మెరిసే రాగి వచ్చాకే లగ్గు వేయండి. వైరు కప్లరులోకి వెళ్లే ముందు కొంచెం కిందికి వేలాడేలా కట్టండి, వాన నీరు ఆ వంపు నుంచి కారిపోతుంది. వాటర్ సర్వీసింగులో సీటు కింద ప్రెషరు పైపు పెట్టవద్దని యజమానికి చెప్పండి.

ఒకేసారి నాలుగు మార్చకండి. ఒకటి మార్చండి, అదే ఎత్తు ఎక్కించండి, రాసుకోండి. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని ఆగిన చోటు, ఛార్జింగు ఎంత, ఎండా వానా, ఒక్కరా ఇద్దరా, లైటు ఉందా, ఎలా కదిలింది, ఈ ఆరూ రాయమని యజమానికే ఇవ్వండి. వారం తరువాత ఆ పుస్తకం చాలా చెబుతుంది. ఒక్కొక్కసారి లోపమే లేదని కూడా చెబుతుంది. 250 వాట్ల లోపు శక్తి, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉండి రిజిస్ట్రేషను అవసరం లేని చిన్న బండి మీద ఇద్దరు కూర్చుని ఘాటు ఎక్కుతున్నారంటే, ఇందాక వేసిన వెయ్యి వాట్ల లెక్క గుర్తు చేసుకోండి. ఆ బండి ఆగక ఏం చేస్తుంది? ఆ మాట యజమానికి ఓపికగా చెప్పి, డబ్బు తీసుకోకుండా పంపండి.

ఇప్పుడు బయట ఆవరణలోకి వెళదాం. అక్కడ మూడు బండ్లు ఉన్నాయి, మూడింటిలోనూ ఒక్కొక్క లోపం నేనే పెట్టాను, ఎక్కడ పెట్టానో చెప్పను. ప్రతి బండి పక్కన దాని యజమానిలా ఒకరు నిలబడి ఉంటారు, ముందు వారితో మాట్లాడండి. అందరూ మీ మీటర్లు తెచ్చుకున్నారు కదా? లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే మామూలు మీటరు ఉన్నదానికంటే ఎక్కువ వోల్టులు చూపిస్తుంది. తెర మీద బ్యాటరీ గుర్తు వస్తోందేమో ఒకసారి చూసుకోండి. కొత్త బ్యాటరీలు ఈ బల్ల మీద పెట్టాను, కావలసినవారు మార్చుకుని రండి.